నారు చావాలి, పేరు రావాలి

రాజేంద్రనగర్‌లో ఫ్లాటు, చేవెళ్ల రోడ్డు మీద అరెకరం, ఫోన్లో నాలుగు వందల మంది స్నేహితులు. ఉల్లితోట పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? నేల, నీళ్లు, కూలీలు అంటూ వేళ్లు మడిచి లెక్కలు చెప్పేవాళ్లుంటారు. వాళ్లు రైతులు. మనం రైతు అనిపించుకోవాలి. అది వేరే చదువు.

ఆ చదువులో ఓనమాలు నారు పోయడం. పొలంలో ఎత్తుమడులు కట్టి పోస్తే ఎండలో నిలబడాలి, నడుం వంచాలి. ఇంట్లో ట్రేలలో పోస్తే సోఫాలో కూర్చొనే పంట పాడుచేయవచ్చు. అయితే చాలామంది ఒక దగ్గర బోల్తా పడతారు: నారు బతకాలని కోరుకుంటారు. ఒక్కసారి ఆలోచించండి. నారు బతికిందనుకోండి. ఆరేడు వారాలకు పీకాలి, నాటాలి, కలుపు తీయాలి, తామరపురుగులకు మందు కొట్టాలి, గడ్డలు తవ్వాలి, ఆరబెట్టాలి, కాడలు కోయాలి, ఆటో మాట్లాడాలి. చచ్చిందనుకోండి. ఒక ఫోటో, ఒక నిట్టూర్పు. ఏది లాభం?

కింద చెప్పినవన్నీ నేను మూడేళ్లుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఇంతవరకు నా చేతిలో ఒక్క గడ్డ ఊరలేదు.

1. యూనివర్సిటీ గేటు ముందు బండి వేగం తగ్గించకండి.

మన పేటకు పట్టిన అసలు పీడ ఇదే. 1964లో మొదలైన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇక్కడే. బోర్డు మీద పేర్లు మారాయి, ఇప్పుడు జయశంకర్ సారు పేరు. వరి పరిశోధన సంస్థ ఇక్కడే, నూనెగింజలది ఇక్కడే, ఉద్యాన కళాశాల ఇక్కడే, మొక్కల ఆరోగ్యం కోసం ఏకంగా ఒక జాతీయ సంస్థ కూడా ఇక్కడే. ఉల్లినారు గురించి ఒక మాట అడగాలంటే షేర్ ఆటో చాలు. అందుకే అడగకూడదు. తెలిసి తప్పు చేస్తే నిర్లక్ష్యం అంటారు, తెలియక చేస్తే ప్రయోగం అంటారు. మీకు ప్రయోగశీలి అన్న పేరు కావాలా, వద్దా?

అడిగితే వాళ్లేం చెబుతారో నేనే చెప్పేస్తాను, మీకు ఆ శ్రమ తప్పుతుంది. ఎకరానికి మూడు నాలుగు కిలోల విత్తనం, రెండు గుంటల నారుమడి. కిలో విత్తనానికి మూడు గ్రాముల థైరమ్ గానీ కాప్టాన్ గానీ పట్టించాలి, లేదంటే ట్రైకోడెర్మా విరిడి. మడి మీటరు వెడల్పు, జానెడు కంటే కాస్త తక్కువ ఎత్తు. వానాకాలం పంటకు ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ లాంటివి, యాసంగికి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి లాంటివి. చదివారుగా, ఇక మరిచిపోండి. ఏ సీజన్ రకం ఆ సీజన్‌లో వేయాలన్న చాదస్తం కూడా వదిలేయండి. దుకాణంలో చేతికి అందే అరలో ఏది ఉంటే అదే మన రకం.

2. విత్తనం పాతది వాడండి. కుదిరితే అమెరికాది వాడండి.

కూరగాయల విత్తనాల్లో ఉల్లిది అల్పాయుష్షు. మామూలు గదిలో ఏడాది తిరిగేసరికి మొలకశక్తి సగానికి సగం పోతుంది, తేమ తగిలితే ఇంకా ముందే పోతుంది. ప్రకృతి మనకిచ్చిన ఈ వరాన్ని వృథా చేయకండి. ప్యాకెట్ కత్తిరించి, రబ్బరు బ్యాండు వేయకుండా, వానాకాలమంతా వంటింట్లో పొయ్యి పక్కన ఉంచండి.

వంటింట్లో పెట్టడం వల్ల ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఉల్లి విత్తనం నల్లగా, మూడు పలకలుగా, ముడతలు పడి ఉంటుంది. కలోంజి కూడా అచ్చం అలాగే ఉంటుంది. పోయిన ఏడాది మిగిలినదాన్ని నేను పేరు రాయని సీసాలో పోసి పోపులపెట్టె పక్కన పెట్టాను. ఆదివారం మా అత్తగారు నాన్ చేసి పైన ఆ గింజలే చల్లారు. అందరం లొట్టలేసుకుంటూ తిన్నాం. విత్తనశుద్ధి చేసి ఉంటే ఇంటిల్లిపాదీ ఆస్పత్రిలో ఉండేవాళ్లం. బద్ధకం ప్రాణాలు కాపాడుతుందని ఏ పుస్తకంలోనూ రాయరు.

ఇక అమెరికా సంగతి. డల్లాస్ నుంచి వచ్చే బావమరిదికి చెప్పి ప్యాకెట్ తెప్పించండి. దాని మీద చిన్నపాటి గుమ్మడికాయంత ఉల్లిగడ్డ బొమ్మ ఉంటుంది. అక్కడి ఉత్తరాది రకాలకు గడ్డ కట్టాలంటే పగలు 14 గంటలు దాటాలి. మన హైదరాబాద్‌లో జూన్ నెలలో అతి పొడుగు పగలు కూడా పదమూడుంబావు గంటల దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ మొక్క జీవితాంతం పచ్చగా, ఏపుగా, ఆకులేసుకుంటూ పోతుంది, గడ్డ మాత్రం కట్టదు. చూసినవాళ్లు అబ్బో అంటారు, తవ్వే పని మాత్రం రాదు. ఇంతకన్నా మంచి ఉల్లి ఎక్కడ దొరుకుతుంది?

శంషాబాద్‌లో దిగేటప్పుడు విత్తనాలకు అనుమతి పత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. 2003 నుంచి ఉన్న క్వారంటైన్ ఉత్తర్వు అది. బావమరిది సూట్‌కేసులో అవి పట్టుబడితే దిగులుపడకండి. అప్పుడు మీ పంట ఎయిర్‌పోర్టులోనే పోయినట్టు. ట్రేలు కొనే ఖర్చు కూడా మిగిలింది.

3. లెక్క వేయకండి.

వేస్తే ఏమవుతుందో చూడండి. ప్రోట్రేలో 98 గుంతలు. బాల్కనీలో, బట్టల స్టాండు జరిపితే, నాలుగు ట్రేలు పడతాయి. అంటే 392 మొక్కలు. ఉల్లిని 15 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్ల ఎడంలో నాటతారు. ఆ లెక్కన మీ మొత్తం తోట మీ పార్కింగ్‌లో కారు నిలిపే చోటులో సగానికి సరిపోతుంది. అన్నీ ఊరినా ఒక బస్తా నిండదు. అరెకరానికి లక్షా ముప్పై వేల మొక్కలు కావాలి, అంటే పదమూడు వందల పైచిలుకు ట్రేలు. అవి పట్టాలంటే కింద ఫ్లాటు, పైన ఫ్లాటు, లిఫ్టు, క్లబ్‌హౌసు ఖాళీ చేయించాలి.

చూశారా, మనసు పాడైంది. ఎవరైనా అడిగితే ‘అరెకరం ఉల్లి వేస్తున్నా’ అని మాత్రం అనండి. అరెకరం ఉన్నది నిజం, ఉల్లి వేస్తున్నదీ నిజం. రెండు నిజాలు పక్కపక్కన పెడితే అబద్ధం ఎలా అవుతుంది?

4. మట్టి ఊరికే దొరుకుతుంటే కొనడం దేనికి?

కోకోపీట్, వర్మీకంపోస్టు, వేపపిండి కలపాలని పుస్తకాల్లో ఉంటుంది. కోకోపీట్ ఇటుకలా వస్తుంది, రాత్రంతా నానబెట్టాలి, పిండాలి, పొడిపొడి చేయాలి. ఎవరు చేస్తారండీ? ఎదురుగా ముప్పై అంతస్తులకు పునాది తవ్వుతున్నారు. ఒక బకెట్ మొరం తెచ్చుకోండి. ఊరికే వచ్చిందని చిన్నచూపు వద్దు. 2023 ఆగస్టులో బుద్వేల్‌లో సర్కారు వేలం వేస్తే ఎకరం నలభై కోట్లు దాటి పలికింది. ఎకరానికి వంద క్వింటాళ్లు పండించి కిలో ఇరవై చొప్పున అమ్మితే రెండు లక్షలు. ఏడాదికి రెండు పంటలు తీసినా ఆ ధర రాబట్టడానికి వెయ్యేళ్లు పడుతుంది, అదీ విత్తనం, ఎరువు, కూలీ ఊరికే వస్తే. అంత ఖరీదైన మట్టి మీ ట్రేలో ఉందని గర్వపడండి. మొలక దాన్ని చీల్చుకొని రాలేకపోవడం మొలక చేతగానితనం.

5. ముహూర్తం ఉగాదికి పెట్టుకోండి.

యాసంగి ఉల్లికి నారు అక్టోబరు, నవంబరులో పోస్తారు. అప్పుడు దసరా, దీపావళి, తర్వాత పెళ్లిళ్లు. డిసెంబరులో చలి. జనవరిలో సంక్రాంతికి ఊరు. ఫిబ్రవరిలో మేడారమో, శివరాత్రి జాగారమో. కొత్త సంవత్సరం, కొత్త నారు అంటే వినడానికే ఎంత బాగుంది! ఎండలు ముదిరే వేళకు మన గింజ నేలలో పడుతుంది. పాతిక డిగ్రీల లోపు వెచ్చదనంలో హాయిగా మొలిచే గింజ, బాల్కనీలో నలభై డిగ్రీలు చూసి లోపలే ఉండిపోతుంది. దానికి మీ కన్నా తెలివి ఎక్కువ.

ఒక ట్రే లీక్‌కు కేటాయించండి. లీక్ ఉల్లికి దూరపు చుట్టం. గడ్డ ఊరదు, తెల్లటి కాడే సరుకు. స్టార్ హోటళ్లలో సూపుల్లో వేస్తారు. నారే రెండు నెలలు పెరగాలి, నాటాక ఇంకో మూడు నాలుగు నెలలు ఉండాలి, అంతా చల్లగా ఉండాలి, కాడ తెల్లబడాలంటే మధ్యమధ్య మట్టి ఎగదోస్తుండాలి. దాన్ని ఉగాదికి పోస్తే నాటే వేళకు రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. ఇంత పకడ్బందీగా చచ్చే మొక్క ఇంకోటి లేదు. పైగా ‘ఇంట్లో లీక్ పెట్టా’ అని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రాస్తే, రెండు నిమిషాల్లో ముగ్గురు ప్లంబర్ల నంబర్లు పంపారు. ఆ నంబర్లు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

6. లోతుగా పాతండి.

సెంటీమీటరు లోతు చాలంటారు. వేలు రెండు కణుపుల దాకా దించండి. వేలు ఉన్నది అందుకే.

7. వారానికి సరిపడా నీళ్లు ఆదివారమే పోసేయండి.

రోజూ పొద్దున్నే రోజ్‌క్యాను పట్టుకొని పలచగా చల్లడం పనిలేనివాళ్ల పని. మీకు ఆఫీసుంది. ఆదివారం నల్లా వచ్చినప్పుడు పైపు పెట్టి, ట్రే తేలేదాకా పోయండి. కింద బొక్కలుంటే టేపు వేసి మూసేయండి, నీళ్లు వృథా పోకుండా. తర్వాతి ఆరు రోజులు ట్రే వైపు చూడకండి. నారు పోసినవాడు నీరు పోయడా అని పెద్దలు ఊరికే అనలేదు. అన్నది దేవుడి గురించే, కానీ మనకూ వర్తిస్తుంది: పోసింది మనం, ఇక పోయాల్సింది ఆయన.

ఇక్కడొక హెచ్చరిక. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పాలమూరు వాడై ఉంటాడు. సొంతూర్లో ఉల్లి వేసీ వేసీ, బోరు ఎండి ఇక్కడికొచ్చి ఉంటాడు. మా వాచ్‌మన్ ఒకరోజు పేపరివ్వడానికి వచ్చి బాల్కనీలోకి తొంగిచూశాడు. ట్రే అంచున వేలు పెట్టి తడి చూసి, ‘సారూ, గిన్ని నీళ్లు పోస్తే నారు కుళ్లిపోతది. పొద్దుగాల జర చల్లుండ్రి, సాలు. గా టేపు తీసెయ్యుండ్రి’ అన్నాడు. ఇలాంటి మాటలు చెవిన పడనీయకండి. అనుభవం ఉన్నవాడు చెప్పినట్టు చేస్తే నారు బతికిపోతుంది. నేను వెంటనే, ‘ఇది కొత్త పద్ధతయ్యా, మీ ఊళ్లో ఉండదు’ అన్నాను. ఆయన ‘అట్లనా సారూ’ అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన కింద నీళ్ల ట్యాంకు పక్కన, పగిలిన సింకులో అవే విత్తనాలు నాలుగు చల్లుకున్నాడు. అవి పెరిగాయి. అటువైపు వెళ్లడం మానేశాను.

8. వెలుతురు విషయంలో మొహమాటం వద్దు.

గింజ మొలవగానే ట్రేలు బాల్కనీలోంచి హాల్లోకి తెచ్చి, కిటికీకి కర్టెన్ వేసి ఉంచండి, లేకపోతే సోఫా రంగు వెలిసిపోతుంది. మొలకలు వెలుతురు వెతుక్కుంటూ సన్నగా, పాలిపోయి, సేమియాలా సాగుతాయి. ‘చూశారా, నాలుగు రోజుల్లో ఎంత పొడుగు!’ అని వచ్చినవాళ్లకు చూపించండి.

9. ఫోటోలన్నీ తొమ్మిదో రోజే తీసుకోండి.

ఈ చిట్కా ఒక్కటి గట్టిగా పట్టుకుంటే మిగతావి తప్పినా నష్టం లేదు. ఉల్లి మొలక మామూలు మొక్కలా నిటారుగా రాదు. ముందు తలవంచిన సూదిలా, సగం మడిచిన గుండుపిన్నులా మట్టిలోంచి నడుం లేపుతుంది. తర్వాత కొన విడిపించుకొని పైకి లేస్తుంది. ఆ కొసన గింజ నల్ల తొక్క ఇంకా అతుక్కొని, బడికి వెళ్లే పిల్లాడి టోపీలా ఊగుతుంటుంది. మీరు ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ట్రేలో పదో పదిహేనో అలా లేస్తాయి. ఆ గంటలో కర్టెన్ తీయండి. పైనుంచి, పక్కనుంచి, మోకాళ్ల మీద కూర్చొని, మధ్యలో మీ అరచెయ్యి పెట్టి నలభై ఫోటోలు తీయండి. వారానికి మూడు చొప్పున వదిలితే మూడు నెలలు వస్తాయి. పచ్చటివి ముందు పెట్టకండి, చివరికి దాచుకోండి.

ఎందుకంటే పన్నెండో రోజుకు నారుకుళ్లు వస్తుంది. మొదలు దగ్గర, సరిగ్గా మట్టి అంటుకున్న చోట, నీళ్లలో నానిన దారంలా సన్నబడి మొక్క పక్కకు వాలిపోతుంది. పైన ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, అదే దీనిలోని అందం. పొద్దున ఇద్దరు పడుకుంటారు, సాయంత్రానికి ఆ మూలంతా పడుకుంటుంది. నీరు నిలిచిన చోట శిలీంధ్రం చేసే పని ఇది. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి మొదళ్లు తడిపితే కొంత ఆగుతుంది. అందుకని ఆ డబ్బా ఇంట్లో ఉంచుకోకండి.

10. బతికి బట్టకట్టినవాటిని ఎండకు వదిలేయండి.

ఎంత చేసినా ఓ డజను మొండిఘటాలు మిగులుతాయి. వాటిని రెండు నెలలు ట్రేలోనే ముదరనివ్వండి. ముదురు నారు చల్లటి రోజుల్లో నాటితే గడ్డ ఊరకముందే పూలకాడ వేస్తుందంటారు. మనది మే నెల కాబట్టి ఆ భయం లేదు, నేరుగా ఎండిపోతాయి. ఏసీ గదిలోంచి తీసి మిట్టమధ్యాహ్నం పొలంలో నాటండి. ముందు నాలుగు రోజులు నీడలో ఉంచి అలవాటు చేయడం, నీళ్లు తగ్గించి గట్టిపరచడం లాంటి గారాబం వద్దు. నాటగానే పిల్లల్ని తీసుకొని తిరుపతి వెళ్లండి.

11. సాకు ముందే సిద్ధం చేసుకోండి.

పంట పోయాక సాకు వెతుక్కునేవాడు సోమరి కాదు, అసమర్థుడు. మన ప్రాంతంలో సాకులకు కొదవలేదు, నారు కన్నా బాగా మొలుస్తాయి.

చిరుత. ఇది మొదటి రకం. 2020 మేలో మైలార్‌దేవ్‌పల్లి దగ్గర నడిరోడ్డు మీద పడుకున్న చిరుతను ఊరంతా టీవీలో చూసింది. 2024లో ఎయిర్‌పోర్టు గోడ దూకొచ్చిన చిరుతను బోను పెట్టి పట్టారు. ‘తోట వైపు చిరుత తిరుగుతోందట, పది రోజులుగా నీళ్లు పెట్టలేదు’ అంటే ఎవరూ తర్కించరు. పైగా జాగ్రత్త అని మీకే చెబుతారు.

విమానాలు. 2008 నుంచి మన నెత్తి మీద తిరుగుతున్నాయి. హోరుకు మొలకలు బెదిరిపోయాయని చెప్పండి. సైన్సు చదివినవాళ్ల ముందు మాత్రం ‘కంపనాలు’ అనండి.

111 జీవో. జంట జలాశయాల కోసం 1996లో 84 గ్రామాలకు వచ్చింది. అది కట్టడాల గురించే తప్ప ఉల్లి గురించి కాదు. అయినా ఆ అంకె పలికి తల అడ్డంగా ఊపితే చాలు, ఎదుటివాడు తన ప్లాటు కథ మొదలుపెడతాడు, మీ ఉల్లి మరుగున పడుతుంది.

ఢిల్లీ. 2019 సెప్టెంబరు, 2020 సెప్టెంబరు, 2023 డిసెంబరు, మూడుసార్లు ఉల్లి ఎగుమతి ఆపేశారు. ‘ఈ విధానాలతో ఎవడు పండిస్తాడు?’ అని మండిపడండి. మీది నాలుగు ట్రేల ఎగుమతి అని ఎవరికీ తెలియదు.

12. చివరగా, పంట.

పేరు రావాలంటే పంట కనపడాలి. తెల్లవారుజామున మలక్‌పేట గంజ్‌కు వెళ్లండి. కర్నూలు గడ్డ, మహారాష్ట్ర గడ్డ, పాలమూరు గడ్డ, ఏది చవగ్గా ఉంటే అది రెండు బస్తాలు వేయించుకోండి. రైతుబజారులో మాత్రం కూర్చోవద్దు. అక్కడ రైతు కార్డు అడుగుతారు, పక్కన కూర్చున్న శంకర్‌పల్లి పెద్దమనిషి ‘ఏ రకం ఏసినవ్ బిడ్డా?’ అని అడుగుతాడు. రెండోది ఎక్కువ ప్రమాదం. అపార్ట్‌మెంట్ కింద బల్ల వేసి, గడ్డల మీద గుప్పెడు ఎర్రమట్టి చల్లి, ‘మా తోటవి, మందుల్లేవు’ అని రాసి పెట్టండి. కొన్న ధరకు రెట్టింపు చెప్పండి. తక్కువ చెబితే అనుమానిస్తారు.

బస్తా మాత్రం దాచండి. నేను దాచలేదు. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ సార్ కళ్లద్దాలు సర్దుకొని, జాలీ బస్తా మీద నాగరి అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, ‘ఇదేంది సార్, లాసల్‌గావ్ అని ఉన్నది?’ అన్నారు. తడుముకోకుండా ‘విత్తనం అక్కడిదండీ’ అన్నాను. ‘ఓహో, మరి నారు?’ అన్నారు. తొమ్మిదో రోజు ఫోటో చూపించాను. రెండు కిలోలు తీసుకున్నారు.

ట్రేలు కడగకండి. పాత మట్టి, పాత బూజు, పడుకున్న పాత దారాలు అలాగే ఉంచి, బాత్రూం పైన అటక మీద బోర్లించండి. వచ్చే ఉగాదికి అందులోనే పోయవచ్చు.